ఆల్టాయ్ రౌతుల ఫొటో వెనక నూట అరవై ఏళ్లు

మంచు కొండలు, నక్కతోలు టోపీ, ముంజేతి మీద రెక్కలు విప్పిన గద్దతో ఒక రౌతు, కింద పొట్టిగా దిట్టంగా ఉన్న గుర్రం. మంగోలియా పడమటి కొసన ఉన్న బయన్-ఉల్గీ నుంచి వచ్చే ఈ ఫొటో ఏదో ఒక రూపంలో మనందరి కంటా పడే ఉంటుంది. దాని కింద తరచుగా ఒకే మాట కనిపిస్తుంది: వేల ఏళ్లుగా మారని జీవితం. ఆ మాట దగ్గరే నాకు పేచీ. గద్దతో వేట పాతదే, కాదనను. ఆ మనిషి అక్కడ నిలబడటం వెనక మాత్రం తారీఖులున్నాయి.

అతను మంగోలు కాదు, కజక్. 1864లో రష్యా వాళ్లు, చైనాను ఏలుతున్న చింగ్ ప్రభువులు మధ్య ఆసియాలో సరిహద్దు గీసుకున్నారు. ఆ దశాబ్దం నుంచే కొన్ని కజక్ తెగలు పచ్చిక వెతుక్కుంటూ మందలతో ఆల్టాయ్ కొండలు దాటి ఇప్పటి మంగోలియా వైపు రాసాగాయి. వాళ్లున్న ప్రాంతం 1940లో బయన్-ఉల్గీ అనే ప్రత్యేక పరగణా అయింది. నేటికీ అక్కడ అత్యధికులు కజక్‌లే.

కెమెరా కూడా ఇంచుమించు అదే కాలంలో ఈ గడ్డి మైదానాలకు చేరింది. మధ్య ఆసియాలో రష్యా ఏలుబడిలోని తుర్కెస్తాన్‌కు గవర్నర్ జనరల్ అయిన కౌఫ్‌మన్ 1871-72లో సుమారు 1,200 ఫొటోలతో ‘తుర్కెస్తాన్ ఆల్బమ్’ తయారు చేయించాడు. కొత్తగా గెలిచిన నేలనూ జనాన్నీ రష్యా చక్రవర్తి జారుకు చూపించడం దాని పని. ఇక్కడ 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వాళ్లు 8 సంపుటాలుగా వేసిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ (1868-75) దానికి తోబుట్టువే. రెండింటిలోనూ మనిషిని కూర్చోబెట్టి ఒక జాతికి నమూనాగా చూపారు. పైగా అప్పటి రష్యన్ అధికారులు కజక్‌లను కిర్గిజ్‌లని రాసేవారు. ఫొటో కింది మాట తప్పడం అప్పుడే మొదలైందన్నమాట.

అసలు దెబ్బ 1930-33లో తగిలింది. సోవియట్ కజకిస్తాన్‌లో సంచార కుటుంబాల మందలను లాక్కుని, వాళ్లను బలవంతంగా ఒకచోట స్థిరపరిచారు. దాంతో వచ్చిన కరువులో దాదాపు 15 లక్షల మంది చనిపోయారు, వారిలో అత్యధికులు కజక్‌లు. గుర్రాలు, గొర్రెలు, ఒంటెలు తుడిచిపెట్టుకుపోయాయి. మంగోలియాలోనూ 1950ల చివరికి పశువులు సమష్టి సంఘాల పరమయ్యాయి కానీ, మంద వెంట కదిలే బతుకు ఆగలేదు. సొంత గడ్డ మీద చెదిరిపోయిన గద్దవేట సరిహద్దుకు ఇవతల నిలిచిందంటే కారణం ఇదే. ఆ ఫొటో చూసినప్పుడల్లా నాకు ముందు ఈ కరువే గుర్తొస్తుంది.

గుర్రం సంగతి ఇంకాస్త చెప్పాలి, ఫొటోల్లో దాన్ని పీటలా చూస్తారు కాబట్టి. వేటకు వాడేది ఆడ గద్దను. మగదానికన్నా అది పెద్దది, ఐదారు కిలోలు తూగుతుంది. అంత బరువును గంటల తరబడి చేతి మీద మోయడం ఎవరి వల్లా కాదు. అందుకే జీను మీద ‘బల్దక్’ అనే పంగల కర్రను ఆనించి దాని మీద ముంజేయి పెడతారు. మోసేది గుర్రమే. రెక్కల చప్పుడుకు బెదరకుండా దాన్ని మచ్చిక చేయాలి. కొండ అంచున రౌతు కాచుకుని ఉంటే, కింద తోడు రౌతులు నక్కను లేపుతారు. అప్పుడు గద్ద కళ్ల మీది తోలు టోపీ తీస్తారు. విజయనగరాన్ని ఏలిన సాళువ వంశం పేరులోని సాళువమంటే వేటడేగ కాబట్టి డేగవేట మనమూ ఎరిగిందే. గుర్రం లేకుండా సాగనిది మాత్రం ఈ ఆల్టాయ్ వేట. ఆ గుర్రాలు చలికాలంలో మంచును గిట్టలతో తవ్వుకుని గడ్డి మేస్తాయి. మంచు గడ్డకట్టి గిట్టలకు లొంగని ఏడాది చావే. 2009-10 చలికాలంలో మంగోలియాలో 80 లక్షలకు పైగా పశువులు చచ్చిపోయాయి.

1990లో మంగోలియాలో ఏకపార్టీ పాలన, మరుసటి ఏడాది సోవియట్ యూనియన్ పోయాయి. వేలాది కుటుంబాలు కజకిస్తాన్‌కు వెళ్లిపోయాయి. ఉన్నవాళ్లకు ఆదాయం కావాలి. పర్యాటకుల ముందు రౌతులు గద్దలతో పోటీపడే గద్దల పండుగ 1999లో మొదలైంది అలాగే. 2010లో డేగవేట యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. 2014లో గద్దతో ఉన్న ఒక పదమూడేళ్ల అమ్మాయి ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి, 2016లో ఆమె మీద డాక్యుమెంటరీ వచ్చింది. తొలి ఆడ వేటగత్తె అన్న ప్రచారం మాత్రం నిలవలేదు. కజకిస్తాన్‌లో అంతకు ముందే ఒక న్యాయవాది గద్దతో పోటీల్లో పాల్గొంటోంది.

పండుగ అక్టోబరు మొదట్లో జరుగుతుంది, అసలు వేట చలికాలంలో. పండుగలో పోటీకి దిగిన రౌతును వేటాడుతున్నట్టు చూపడం అబద్ధం. డబ్బిచ్చి నిలబెట్టి తీసిన ఫొటోలో నాకు తప్పు కనిపించదు, ఆ డబ్బుతో గుర్రానికి చలికాలపు మేత వస్తుంది. ఫొటో కింద రౌతు ఇష్టపడితే అతని పేరు, ఊరు, నెల, అది పండుగా వేటా అన్నది రాయాలి. దానికి ఒక్క వరుస చాలు.