కంపెనీ ఎవరికి జవాబు చెప్పాలి? సస్టైనబిలిటీ రిపోర్టుల గొడవ వెనక కథ

యూరప్‌లో కంపెనీల సస్టైనబిలిటీ రిపోర్టుల (పర్యావరణం, సమాజం వంటి విషయాల మీద కంపెనీలు ఇచ్చే నివేదికల) గొడవ మళ్లీ రాజుకుంది. 2025 డిసెంబరులో యూరోపియన్ పార్లమెంటు, సభ్య దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం 1,000 మందికి మించి ఉద్యోగులు, 45 కోట్ల యూరోలకు మించి టర్నోవర్, ఈ రెండూ ఉన్న కంపెనీలు మాత్రమే ఇకపై ఈ రిపోర్టులు ఇవ్వాలి. ఈ రిపోర్టులు తప్పనిసరి చేస్తూ మొదట చట్టం రాసినప్పుడు లెక్కలోకి వచ్చినవి దాదాపు 50,000 కంపెనీలు. ఇప్పుడు చర్చంతా ఈ అంకెల చుట్టూనే తిరుగుతోంది. కానీ వీటి కింద ఒక పాత ప్రశ్న ఉంది, కంపెనీ ఎవరికి జవాబు చెప్పాలి అని. దానికి 2020-21లోనే రెండు వేర్వేరు జవాబులు వచ్చాయి, ఇప్పటి వాదనలన్నీ అక్కడి నుంచే పుట్టాయని నా నమ్మకం.

1989 నాటి అలాస్కా చమురు ప్రమాదం, సస్టైనబిలిటీ రిపోర్టులకు ప్రమాణాలు రాసే జీఆర్ఐ సంస్థ పుట్టుక, పారిస్ ఒప్పందం, ఇవన్నీ చాలాసార్లు చదివినవే కాబట్టి వదిలేస్తున్నా. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. 2015 సెప్టెంబరులో, కంపెనీలు ఇచ్చే సమాచారం మీద కూడా ఆధారపడి వాటిని పోల్చే డౌ జోన్స్ సస్టైనబిలిటీ సూచీ ఫోక్స్‌వాగన్‌ను వాహన రంగంలో అగ్రస్థానంలో పెట్టింది. అదే నెలలో ఆ కంపెనీ డీజిల్ కార్ల పొగ పరీక్షల్లో మోసం చేసిందని అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టింది. కంపెనీ తన గురించి తాను చెప్పుకున్న మాటల మీద ఎంత ఆధారపడొచ్చో అప్పుడే తేలిపోయింది. అప్పటికే యూరప్‌లో 2014 నాటి చట్టం ఒకటి ఉంది గానీ, అందులో ఏ పద్ధతిలో రాయాలో కంపెనీలే ఎంచుకోవచ్చు, రాసింది నిజమో కాదో ఆడిటర్ తేల్చాలన్న నిబంధన లేదు. ఒక కంపెనీ రిపోర్టు పక్కన ఇంకో కంపెనీ రిపోర్టు పెట్టి పోల్చి చూడటం అయ్యే పని కాదు.

అసలు మలుపు 2020 సెప్టెంబరులో వచ్చింది. వందకు పైగా దేశాలు వాడే అకౌంటింగ్ ప్రమాణాలను తయారుచేసేది ఐఎఫ్ఆర్ఎస్ ఫౌండేషన్. సస్టైనబిలిటీకి కూడా ప్రమాణాలు తామే తయారుచేయాలా అని అది ఆ నెలలో ఒక చర్చా పత్రం పెట్టింది. ఇక్కడే ముఖ్యమైన ప్రశ్న వచ్చింది: రిపోర్టులో ఏది రాయాలో ఎవరి అవసరాన్ని బట్టి నిర్ణయించాలి? ఫౌండేషన్ మదుపరులను ఎంచుకుంది.

దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక ఫ్యాక్టరీ నది నుంచి నీళ్లు తోడుకుంటోంది. నది ఎండిపోతే ఉత్పత్తి ఆగుతుంది, లాభం పడిపోతుంది, అది మదుపరికి తెలియాలి. అదే ఫ్యాక్టరీ తోడుకోవడం వల్ల దిగువ ఊళ్లలో బావులు ఎండితే? కేసు పడో, జరిమానా పడో, పేరు పోయో కంపెనీ డబ్బుకు ఎసరు వచ్చే అవకాశం కనిపించేదాకా అది మదుపరి లెక్కలోకి రాదు. ఇప్పటి చట్టానికి మూలంగా యూరోపియన్ కమిషన్ 2021 ఏప్రిల్‌లో తెచ్చిన ప్రతిపాదన మాత్రం రెండూ రాయాలంది: లోకం వల్ల కంపెనీకి ఏమవుతుందో, కంపెనీ వల్ల లోకానికి ఏమవుతుందో. దీన్నే డబుల్ మెటీరియాలిటీ అంటారు. ఆ ఏడాది నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో ఫౌండేషన్ సస్టైనబిలిటీ ప్రమాణాలు రాయడానికి ఐఎస్ఎస్‌బీ అనే కొత్త బోర్డును ప్రకటించింది, 2023 జూన్‌లో ఆ బోర్డు రెండు ప్రమాణాలు ఇచ్చింది. మరుసటి నెలలోనే యూరప్ తన 12 ప్రమాణాలను ఆమోదించింది.

మదుపరుల పక్షం వాదన తీసిపారేసేది కాదు. పరిధి చిన్నదైతే కొలవడం, ఆడిట్ చేయడం సులభం, ఎక్కువ దేశాలు ఒకే పద్ధతికి వస్తాయి. నాకు కష్టంగా తోచేది ఒక్కటే, దిగువ ఊళ్లవాళ్లు ఆ కంపెనీలో వాటా కొనలేదు గనక వాళ్ల బావి రిపోర్టులో ఉండదు.

తర్వాత కథ వేగంగా నడిచింది. 2024 సెప్టెంబరులో ఇటలీ మాజీ ప్రధాని మారియో డ్రాగీ నివేదిక, యూరప్ పోటీలో వెనకబడటానికి నిబంధనల భారం కూడా ఒక కారణమంది. యూరప్ ప్రమాణాల్లో అడిగే అంశాలు వెయ్యి దాటాయి, పెద్ద కంపెనీలు ఆ ప్రశ్నల పట్టికలను చిన్న సరఫరాదారుల మీదికి తోసేశాయి, అక్కడ టెన్షన్ నిజంగానే ఉంది. సరళం చేయాల్సిందే. అయితే కమిషన్ 2025 ఫిబ్రవరి 26న ఆమ్నిబస్ ప్యాకేజీ పేరుతో 80 శాతం కంపెనీలను ఒక్కసారిగా తప్పించమని ప్రతిపాదించింది. ఈ చట్టం కింద మొదటి విడత కంపెనీలు తమ మొట్టమొదటి రిపోర్టులు విడుదల చేస్తున్న రోజులవి. ఏది పనికొచ్చింది, ఏది వృథా అని చూడటానికి ఒక్క ఏడాది అయినా ఆగలేదు. ఆ ప్రతిపాదన తయారుచేసిన తీరులో లోపాలున్నాయని ఈయూ సంస్థల మీద ఫిర్యాదులు విచారించే యూరోపియన్ అంబుడ్స్‌మన్ కూడా 2025 నవంబరులో తేల్చారు.

అమెరికాలోనూ ఇదే గాలి. అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 2024 మార్చిలో, కంపెనీలు వాతావరణ సంబంధ వివరాలు వెల్లడించాలనే నిబంధన తెచ్చింది. సరఫరాదారుల నుంచి, వినియోగదారుల వాడకం నుంచి వచ్చే ఉద్గారాల లెక్కను, అంటే స్కోప్ 3ని, ముందే తీసేసింది. అయినా కోర్టు కేసులు పడ్డాయి, నెల తిరక్కుండానే అమలు ఆపేసింది. 2025 మార్చిలో ఆ నిబంధన తరఫున కోర్టులో వాదించడం కూడా మానుకుంది.

యూరప్ ఒప్పందంలో డబుల్ మెటీరియాలిటీ అన్న సూత్రం అలాగే ఉంది. ఆ సూత్రం ఎవరికి వర్తిస్తుందన్నదే మారింది. ఆడిట్ విషయంలోనూ వెనక్కి తగ్గారు. లెక్కల్లో తప్పేమీ తమ దృష్టికి రాలేదని ఆడిటర్ చెప్పే లిమిటెడ్ అష్యూరెన్స్‌తో మొదలుపెట్టి, ఆర్థిక లెక్కలంత గట్టి తనిఖీకి తర్వాత వెళ్దామని మొదట అనుకున్నారు, ఆ రెండో మెట్టు ఇప్పుడు తీసేశారు. ఇక నది ఒడ్డున ఉన్న ఆ ఫ్యాక్టరీలో 900 మంది పనిచేస్తున్నారనుకోండి. అది రిపోర్టు ఇవ్వక్కర్లేదు. దాని సరుకు కొనే పెద్ద కంపెనీ వివరాలు అడిగితే, చిన్న కంపెనీల కోసం పెట్టిన స్వచ్ఛంద ప్రమాణంలో ఉన్నంతవరకే ఇచ్చి, అంతకు మించి ఇవ్వనని చెప్పే హక్కు కూడా దానికి ఉంది.