ఆర్డర్ ఆఫ్ మాల్టాలో ఆఖరి మాట ఎవరిది?

రోమ్‌లో వియా దెయ్ కొండొట్టి అంటే ఖరీదైన షాపుల వీధి. అక్కడ ఒక పాత భవనం మీద ఎర్ర జెండా, దానిలో తెల్ల సిలువ కనిపిస్తాయి. ఆర్డర్ ఆఫ్ మాల్టా అనే క్యాథలిక్ మఠ సంఘం కార్యాలయం అది. ఏలుకోవడానికి భూమి లేకపోయినా ఈ సంఘం సొంతంగా పాస్‌పోర్టులు, స్టాంపులు ఇస్తుంది. వందకు పైగా దేశాలతో దీనికి దౌత్య సంబంధాలున్నాయి. అలాంటి సంఘం అధిపతి, గ్రాండ్ మాస్టర్ మాథ్యూ ఫెస్టింగ్, 2017 జనవరి 24న పోప్ ఫ్రాన్సిస్ అడగగానే రాజీనామా ఇచ్చేశారు.

సంఘంలో ఆఖరి మాట పోప్‌దా, గ్రాండ్ మాస్టర్‌దా అన్న ఈ తగువుకు మూలం 1113 నాటి ఒక శాసనం. ఈ సంఘం అప్పట్లో జెరూసలేంలో యాత్రికులకు, రోగులకు సేవ చేసే ఆసుపత్రి. దాన్ని పోప్ రెండో పాస్కల్ తన రక్షణలోకి తీసుకుని, పెద్దను ఎన్నుకునే హక్కు సభ్యులదేనని, ఇంకెవరూ జోక్యం చేసుకోకూడదని రాసిచ్చారు. అంటే ఆ స్వేచ్ఛ పోప్ చేతి మీదుగా వచ్చిందే. తర్వాత ఆ సభ్యులు కత్తి పట్టారు, రోడ్స్ దీవిని, 1530 నుంచి మాల్టాను ఏలారు. 1798లో నెపోలియన్ మాల్టాను లాక్కున్నాడు. రాజ్యం పోయినా సార్వభౌమాధికారం మాత్రం తమదేనన్నారు.

ఆ మాటకు అర్థం తేల్చాల్సిన రోజు 1951లో వచ్చింది. పోప్ 12వ పయస్ ఐదుగురు కార్డినళ్లతో, అంటే చర్చి పెద్దలతో, ట్రిబ్యునల్ వేశారు. 1953లో, అదీ జనవరి 24నే, తీర్పు వచ్చింది: సార్వభౌమాధికారం ఉంది, కానీ సంఘం తన పని చేసుకోవడానికి కావలసినంత వరకే. మఠ సంఘంగా మాత్రం వాటికన్‌కు లోబడాల్సిందే. ఈ గొడవలో 1962 దాకా కొత్త గ్రాండ్ మాస్టర్ ఎన్నికే జరగలేదు.

సంఘం సహాయ కార్యక్రమాల్లో భాగంగా మయన్మార్‌లో క్యాథలిక్ చర్చి ఒప్పుకోని కండోమ్‌లు పంచారన్న గొడవ మీద, 2016లో ఫెస్టింగ్ తన గ్రాండ్ చాన్సలర్, అంటే సంఘంలో పెద్ద అధికారి, బోసెలాగర్‌ను తీసేశారు. పోప్ విచారణకు ఐదుగురితో కమిషన్ వేస్తే, ఇది మా ఇంటి వ్యవహారం అంటూ ఫెస్టింగ్ సహకరించలేదు. నా దృష్టిలో కండోమ్‌లు సాకు మాత్రమే. గ్రాండ్ మాస్టర్ ఒక పక్క దేశాధినేత హోదా ఉన్నవాడు, ఇంకో పక్క పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే వ్రతాలు పట్టినవాడు. విధేయత వ్రతం పట్టినవాడు పోప్‌కు కాదని చెప్పడం కష్టం. ఫెస్టింగ్ దిగిపోయారు, బోసెలాగర్ తిరిగొచ్చారు.

2022 జూన్‌లో తాత్కాలిక అధిపతి చనిపోతే, పోప్ ఎన్నిక లేకుండానే జాన్ డన్‌లాప్‌ను ఆ చోట కూర్చోబెట్టారు. సెప్టెంబరులో పాలక మండలిని రద్దు చేసి, కొత్త రాజ్యాంగం తనే ఇచ్చారు. గ్రాండ్ మాస్టర్ కావడానికి ప్రభు వంశంలో పుట్టి ఉండాలన్న పాత షరతు పోయింది. అది మంచి మార్పే. కానీ పెద్దను మీరే ఎన్నుకోండని పాస్కల్ ఇచ్చిన మాటను ఇంకో పోపే దాటడం నాకు బాధగా ఉంది. 2023 మేలో సభ్యులు ఓటేసి గ్రాండ్ మాస్టర్‌ను ఎన్నుకున్నారు. గెలిచింది డన్‌లాపే.