రీస్టార్ట్ కొట్టే ముందు హీప్ డంప్ తీయండి

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు బాగా అలవాటైన పని ఇది: సర్వర్ నెమ్మదించి, మెమరీ నిండిపోయి, ఔటాఫ్ మెమరీ ఎర్రర్ కనబడగానే రీస్టార్ట్ కొట్టేయడం. కాసేపు అంతా బాగుంటుంది, కానీ తప్పు ఎక్కడుందో చెప్పే ఆధారం ఆ మెమరీలోనే ఉంది కాబట్టి అది కూడా తుడిచిపెట్టుకుపోతుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే టెన్షన్.

ఆ ఆధారాన్ని కాపాడేదే హీప్ డంప్. హీప్ అంటే ప్రోగ్రామ్ తన ఆబ్జెక్టులను, అంటే పనిలో వాడే డేటా ముక్కలను, పెట్టుకునే మెమరీ. నడుస్తున్న జావా ప్రోగ్రామ్‌లో ఆ క్షణాన ఉన్న ఆబ్జెక్టులన్నిటినీ, ఏది దేన్ని పట్టుకుని ఉందో ఆ లింకులతో సహా, ఒక ఫైల్లోకి దించుతుంది.

పనైపోయిన ఆబ్జెక్టులను తనంతట తానే తీసేసే గార్బేజ్ కలెక్టర్ (జీసీ) ఉండగా లీక్, అంటే అక్కర్లేని మెమరీ ఖాళీ కాకుండా పేరుకుపోవడం, ఎలా వస్తుందంటారా? 1959 ప్రాంతంలో జాన్ మెకార్తీ లిస్ప్ భాష కోసం ఈ పద్ధతిని తయారుచేసిన నాటి సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది: ప్రోగ్రామ్ చేరుకోగలిగే ఆబ్జెక్టును తీసేయకూడదు. దాంతో ఇక పనుందా లేదా అన్నది కలెక్టర్‌కు తెలీదు. బస్ టికెట్ సైట్‌లో ప్రతి యూజర్ సెషన్‌నూ ప్రోగ్రామ్ నడిచినంతకాలం ఉండిపోయే ఒక స్టాటిక్ మ్యాప్ (పట్టిక)‌లో పెట్టి, లాగౌట్ అయ్యాక తీయడం మరిచిపోతే, ఆ సెషన్లన్నీ అలా పేరుకుపోతూనే ఉంటాయి.

డంప్‌ను విశ్లేషించే టూల్ ఎక్లిప్స్ మ్యాట్‌లో తెరిస్తే, క్లాసుల లిస్టులో పైన దాదాపు ఎప్పుడూ బైట్ ఎరేలు, స్ట్రింగులే ఉంటాయి. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఏ ప్రోగ్రామ్‌లోనైనా అవే ఎక్కువ, వాటివల్ల తెలిసేది తక్కువ. అడగాల్సిన ప్రశ్న వేరు: వీటిని వదలకుండా పట్టుకున్నది ఎవరు? అందుకే రిటైన్డ్ సైజ్ చూడాలి, అంటే ఆ ఒక్క ఆబ్జెక్టు పోతే దానితోపాటు ఎంత మెమరీ ఖాళీ అవుతుందో ఆ లెక్క. మన మ్యాప్ సొంత సైజు కొన్ని బైట్లే అయినా దాని రిటైన్డ్ సైజ్ గిగాబైట్లలో ఉండొచ్చు. ఏ ఆబ్జెక్టు వేటిని నిలబెట్టి ఉంచుతోందో చూపే డామినేటర్ ట్రీ ఇలాంటివాటిని పైకి తెస్తుంది, అక్కడి నుంచి జీసీ రూట్ దాకా, అంటే కలెక్టర్ తన వెతుకులాట మొదలుపెట్టే చోటు దాకా, దారి వెతికితే ఏ క్లాసులో ఏ వేరియబుల్ అన్నది పేరుతో సహా దొరుకుతుంది. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే, ఊహాగానాలన్నీ అక్కడితో ఆగిపోతాయి.

పెద్ద క్యాష్ (మళ్లీ వాడటానికి కావాలనే మెమరీలో దాచుకున్న డేటా) కనబడితే అది లీకనే కాదు. అనుమానముంటే కొన్ని గంటల తేడాతో రెండు డంపులు తీసి, ఏది పెరుగుతూ పోతోందో పోల్చండి.

డంప్ తీసేటప్పుడు ప్రోగ్రామ్ ఆగిపోతుంది, హీప్ పెద్దదైతే ఎక్కువసేపే, కాబట్టి ముందు ఆ సర్వర్‌ను ట్రాఫిక్ నుంచి తప్పించండి, డిస్క్‌లో చోటుందో లేదో చూసుకోండి. ఇంకొకటి, మెమరీలో ఉన్న పాస్‌వర్డులు, కస్టమర్ల ఫోన్ నంబర్లు ఆ ఫైల్లోకి ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. దయచేసి దాన్ని టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, పని అయిపోగానే డిలీట్ చేయండి.