ఒకే పట్టిక, రెండు తీర్పులు

చర్మం మీది దద్దుర్లకు రాసే ఒక కొత్త క్రీము పనిచేస్తుందో లేదో తేల్చాలి. వాడినవారిలో 223 మందికి దద్దుర్లు తగ్గాయి, 75 మందికి పెరిగాయి. వాడనివారిలో 107 మందికి తగ్గాయి, 21 మందికి పెరిగాయి. 223 పెద్ద సంఖ్య కనుక క్రీము మంచిదేననిపిస్తుంది గాని, నిష్పత్తి కట్టి చూస్తే వాడినవారిలో నూటికి సుమారు 75 మందికి, వాడనివారిలో నూటికి సుమారు 84 మందికి నయమైందని తేలుతుంది. యేల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్యుడైన డాన్ కహాన్, ఆయన సహచరులు 2013లో వెలువరించిన ప్రయోగంలో ఈ కిటుకును ఎక్కువగా లెక్కల్లో దిట్టలే పట్టుకున్నారు. అయితే అవే అంకెలను తుపాకులపై నిషేధానికీ, నగరాల్లోని నేరాలకూ సంబంధించినవిగా మరికొందరికి చూపినప్పుడు, వారిలోని లెక్కల దిట్టలు తమ రాజకీయ పక్షానికి అనుకూలించే జవాబు వచ్చే చోటే ఎక్కువగా నిష్పత్తి కట్టారు. పైపై జవాబే తమకు నచ్చేదైతే చాలామంది అక్కడితో ఆగిపోయారు. (తరువాత ఈ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూసినవారందరికీ ఫలితం ఇంత బలంగా రాలేదన్నది కూడా చెప్పుకోవాలి.)

దీని వెనుక ఉన్న ఆలోచన పాతదే. ఏ సమాజమూ తన ముందున్న ప్రమాదాలన్నింటికీ ఒకే తీరున భయపడదనీ, తన జీవన విధానాన్ని బట్టి కొన్నింటినే ఎంచుకుంటుందనీ బ్రిటిష్ మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్, అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త ఆరన్ విల్డావ్‌స్కీ 1982లో వాదించారు. వ్యక్తి స్వేచ్ఛకూ, వ్యాపార చొరవకూ పెద్దపీట వేసేవారికి పర్యావరణ హెచ్చరిక రాబోయే ఆంక్షలకు నాందిగా వినిపిస్తుంది; సమానత్వం కోరేవారికి అదే హెచ్చరిక భారీ పరిశ్రమలపై తమకు మొదటినుంచీ ఉన్న అనుమానానికి సాక్ష్యమవుతుంది.

విజ్ఞానం పెరిగితే ఈ అంతరం తగ్గాలి కదా అనుకుంటాం. అమెరికాలో 1,540 మంది వయోజనులపై జరిగి 2012లో వెలువడిన కహాన్ బృందపు అధ్యయనంలో, శాస్త్ర పరిజ్ఞానమూ గణిత నైపుణ్యమూ ఎక్కువగా ఉన్నవారి మధ్యనే వాతావరణ మార్పుపై విభేదం మరింత ఎక్కువగా కనిపించింది. దీనిని మూర్ఖత్వమని కొట్టిపారేయడం తొందరపాటే. ఒక మనిషి ఈ విషయంలో పొరబడినందువల్ల భూతాపం రవ్వంతైనా మారదు. కానీ నిత్యం కలిసి మెలిగేవారంతా నమ్మేదానిని కాదంటే అతడు పోగొట్టుకునేది చాలా ఉంటుంది. అందుకే తెలివైనవాడి తెలివి, కక్షిదారు కోసం వాదించే న్యాయవాదిలా, తనవారి పక్షానే పనిచేస్తుంది.

సమస్యతో పాటు ఏ పరిష్కారాన్ని ప్రస్తావిస్తున్నామన్నది కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. అమెరికా, ఇంగ్లండులలో జరిగిన మరో ప్రయోగంలో, ఉద్గారాలపై పరిమితుల గురించి చదివినవారితో పోలిస్తే, భూమిని సాంకేతికంగా చల్లబరిచే జియో ఇంజనీరింగ్ గురించి ముందుగా చదివినవారిలో వాతావరణ ఆధారాలపై విభేదం తక్కువగా ఉంది. ఆధారాలు మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇదంతా మానవ స్వభావమేనని తేల్చేయడానికి కూడా వీల్లేదు. మనస్తత్వ శాస్త్రవేత్త మాథ్యూ హార్న్సీ, ఆయన సహచరులు 2018లో అమెరికాతో పాటు మరో 24 దేశాలను పరిశీలించినప్పుడు, సంప్రదాయవాద రాజకీయాలకూ వాతావరణ మార్పుపై సందేహానికీ మధ్య సంబంధం అమెరికాలో ఉన్నంత బలంగా, నిలకడగా మిగతా దేశాల్లో లేదని తేలింది. సంప్రదాయవాదంలోనే సందేహం ఇమిడి ఉంటే అది అన్నిచోట్లా ఒకేలా కనిపించి ఉండేది. కనుక ఆ రెండింటినీ అక్కడ ముడివేసింది ఆ దేశపు రాజకీయ సంస్కృతేనని ఆ పరిశోధకులు భావించారు.