డాబా మీద ఒంటరిగా కూర్చుంటున్న పిల్లలకు

అమలాపురం,
ఏప్రిల్ 2020.

చిరంజీవులకు ఆశీస్సులు.

ఈసారి ఉగాది నాడే, మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైంది. శ్రీరామనవమికి పందిళ్లు లేవు. పెద్దవాళ్లం ఆ లోటు గురించే మాట్లాడుకుంటున్నాం. బడికీ స్నేహితులకూ దూరమైన మీ లోటు అంతకంటే పెద్దది.

మా పక్కింటి అమ్మాయి పదో తరగతి. పరీక్షలు వాయిదా పడినా అట్టకు పెట్టుకున్న హాల్‌టికెట్టు ఇంకా తీయలేదు. సాయంత్రం వడియాలు ఎత్తడానికని డాబా ఎక్కి, చీకటి పడినా దిగదు. పిలిస్తే కసురుతుంది. ఇంట్లోవాళ్లు పొగరంటున్నారు. అది పొగరు కాదు, దిగులు. మీ ఈడులో దిగులు చాలాసార్లు ఏడుపుగా కాక చిరాకుగా బయటపడుతుంది.

స్నేహితులు మీకు కాలక్షేపం కాదు. ఇల్లు దాటి, మీవంటి వాళ్ల మధ్య మీరెవరో తెలుసుకునే వయసిది. పైగా కోపాన్నీ భయాన్నీ అదుపు చేసే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. చిన్న మాటకే కళ్లనీళ్లు తిరిగితే సిగ్గుపడకండి. కొబ్బరి దింపు ఆగిపోయి, చేతిలో డబ్బు ఆడక నాన్న విసుక్కుంటే, అది మీ మీద కోపమనీ అనుకోకండి.

నిద్ర సంగతి గట్టిగా చెబుతాను. ఈ వయసులో నిద్రను పిలిచే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. బడి గంట లేకపోయేసరికి పడుకునే వేళ ఇంకా ఆలస్యమవుతోంది. రోజూ ఒకే వేళకు లేవండి, లేవగానే కాసేపు వెలుతురులో తిరగండి. ఎనిమిది గంటల నిద్రకు తగ్గవద్దు. రాత్రి ఫోను పక్కన పెట్టుకోవద్దు. పగలు మాత్రం స్నేహితులతో తనివితీరా మాట్లాడండి. ఎవరైనా వద్దంటే ఈ ఉత్తరం చూపించండి. వైరస్ వార్తలు రోజుకొకసారి చాలు.

రెండు వారాలుగా ఇష్టమైన పని కూడా చేయబుద్ధి కాకపోయినా, అన్నం సయించకపోయినా పెద్దవాళ్లకు చెప్పండి. బతికి ఏం లాభం అన్న తలంపు వస్తే ఒక్క పూట కూడా దాచకండి. అమ్మకో, అత్తయ్యకో, మీ మేష్టారికో వెంటనే చెప్పండి. ఇంట్లో నోరు పెగలకపోతే 1098కి ఫోను చేయండి. అది పిల్లల కోసమే ఉన్న నంబరు, డబ్బు పడదు, రాత్రయినా పలుకుతారు.

నాకు చేసినా సరే. మధ్యాహ్నం నేను పడుకోను, ఫోను దగ్గరే ఉంటాను.

మీ మేష్టారు తాతయ్య