కొడైకెనాల్ సరస్సు చేపల్లోకి పాదరసం ఎలా వచ్చింది?

వేసవిలో కొడైకెనాల్ వెళ్లే తెలుగువాళ్లు ముందు చూసేది అక్కడి సరస్సునే. 1863లో లెవింజ్ అనే ఆంగ్లేయ అధికారి కట్ట వేయించి తయారుచేయించిన సరస్సు అది. ఆ నీళ్లలో, చేపల్లో పాదరసం ఉందని తేల్చింది మన హైదరాబాద్‌లోని అణుశక్తి విభాగం ప్రయోగశాల.

ఆ పాదరసం కొండల్లో పుట్టింది కాదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్‌లో నడిచిన థర్మామీటర్ల ఫ్యాక్టరీని 1980ల మొదట్లో పాండ్స్ కంపెనీ కొడైకెనాల్‌కు తరలించింది. తర్వాత అది హిందుస్థాన్ లీవర్ చేతికి వచ్చింది. పాదరసం విదేశాల నుంచి వచ్చేది, తయారైన థర్మామీటర్లు విదేశాలకు వెళ్లేవి. పగిలిన గాజు మాత్రం ఇక్కడే మిగిలేది. 2001 మార్చిలో కొడైకెనాల్‌లోనే ఉన్న మూంజిక్కల్ అనే చోట ఒక పాత సామాన్ల దుకాణంలో పాదరసం అంటిన 7.4 టన్నుల గాజు బయటపడింది. జనం రోడ్డెక్కారు, అదే నెలలో ఫ్యాక్టరీ మూతపడింది. 2003లో సుమారు 290 టన్నుల వ్యర్థాలను తిరిగి అమెరికాకే పంపారు.

అక్కడితో కథ అయిపోయిందనుకున్నవాళ్లు చాలామంది. కానీ సరస్సు సంగతి వేరు. ఫ్యాక్టరీ ఉన్న కొండ మీది నీరు పాంబార్ అడవి గుండా దక్షిణంగా వైగై వైపు దిగుతుంది. సరస్సు ఉన్నది ఉత్తరాన. వాలు అటు ఉంటే పాదరసం ఇటు ఎలా వచ్చింది?

గాలిలో వచ్చింది. పాదరసం మామూలు వేడికే ఆవిరైపోతుంది. హైదరాబాద్ శాస్త్రవేత్తలు ముందుగా ఫ్యాక్టరీ చుట్టుపక్కల చెట్ల మీది నాచునూ, లైకెన్లనూ (మన మసాలాల్లో వేసే రాతిపువ్వు ఈ జాతిదే) పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రచురించారు. వేర్లు లేని ఈ జీవులకు ఆహారం ప్రధానంగా గాలి నుంచే అందుతుంది. అందుకే గాలిలో ఏముందో వాటిని చూస్తే తెలుస్తుంది. తర్వాత సరస్సు వంతు. లీటరు నీటిలో 356 నుంచి 465 నానోగ్రాముల పాదరసం కనిపించిందని 2006లో వెల్లడించారు. దూరంగా ఉన్న బేరిజం, కుక్కల్ సరస్సుల నీళ్లలో అది చాలా తక్కువ.

నీటిలో ఉన్నది కొంచెమే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. అడుగు బురదలో గాలి ఆడని చోట కొన్ని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. దాన్ని నీళ్లలోని నాచు పీల్చుకుంటుంది, నాచును పురుగులు తింటాయి, పురుగులను చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు. మెట్టుమెట్టుకీ మోతాదు పెరుగుతుంది. కండలో కలిసిపోయిన ఈ విషం కడిగితే పోదు, వండితే పోదు. గర్భిణి తింటే కడుపులో బిడ్డ మెదడుకు ముప్పు. జపాన్‌లోని మినమాటలో 1956లో బయటపడిన వ్యాధికి కారణం ఇదే.

పదిహేనేళ్ల పోరాటం తర్వాత, 2016లో, 591 మంది మాజీ కార్మికులతో కంపెనీ ఆర్థిక సాయం ఒప్పందం చేసుకుంది. ఇక ఫ్యాక్టరీ నేల శుద్ధి మీద గొడవ. కిలో మట్టిలో 20 మిల్లీగ్రాముల పాదరసం వరకు మిగిలినా ఫర్వాలేదని అధికారులు ఒప్పుకున్నారు. అంతకన్నా కఠినమైన హద్దు కావాలని స్థానికులు అడిగారు. వాళ్లు అడిగినదే న్యాయమని నేను నమ్ముతాను. పైగా ఆ 20 లెక్క ఫ్యాక్టరీ ఆవరణలోని నేలకే. సరస్సు అడుగు బురద ఆ లెక్కలో లేదు.