హ్యాండ్‌బ్రేక్ పట్టట్లేదా? ముందే కేబుల్ బిగించకండి

విజయవాడ చాలావరకు చదునుగా ఉండే ఊరు, అందుకే ఇక్కడ హ్యాండ్‌బ్రేక్ పాడైన సంగతి నెలల తరబడి తెలీదు. సిగ్నల్ దగ్గర కాలి బ్రేకుతోనే పనైపోద్ది, ఇంటిముందు గేర్లో పెట్టి వదిలేస్తాం. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడో, గుంటూరు వాళ్లయితే కోటప్పకొండ మీదకెళ్లినప్పుడో, లేదా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీదో లివర్ పైదాకా లాగినా బండి మెల్లగా జారడం మొదలెడుతుంది, అప్పుడు భయమేస్తుంది. మెకానిక్ దగ్గరికెళ్తే చాలాచోట్ల చేసే పని లివర్ నుంచి వెనక చక్రాలకెళ్లే కేబుల్ నట్టు నాలుగు చుట్లు బిగించడం. లివర్ గట్టిగా తగులుతుంది, మనకీ నమ్మకం వచ్చేస్తుంది. నా దృష్టిలో అది రిపేరే కాదు.

ఎందుకంటారా, కాస్త లెక్కేద్దాం. వెయ్యి కిలోల కారు, వంద మీటర్లకి పది మీటర్లు ఎక్కే వాలు మీద ఆగి ఉంటే దాన్ని కిందకి లాగే బలం దాదాపు 100 కిలోల బరువంత. ఆ బలం పడేది టైరు అంచు మీద, బ్రేకు పట్టుకునేదేమో లోపల చక్రంతో పాటు తిరిగే చిన్న డ్రమ్ముని, దాని వ్యాసార్థం టైరు వ్యాసార్థంలో సుమారు మూడో వంతే, కాబట్టి వెనక రెండు డ్రమ్ముల్లో కలిపి 300 కిలోల దాకా రాపిడి పుట్టాలి. మన చెయ్యి మామూలుగా లాగేది 15, 20 కిలోలు. మిగతాదంతా లివర్లు చేసే పని, సీటు పక్కన లివర్ ఒకసారి, డ్రమ్ము లోపల ఉండే చిన్న లివర్ ఇంకోసారి ఆ బలాన్ని పెంచుతాయి, రెండూ కలిసి 20, 30 రెట్లు అవుద్ది.

కానీ బలం ఊరికే పెరగదు, ఎన్ని రెట్లు పెరిగితే కదలిక అన్ని రెట్లు తగ్గుద్ది. లోపల షూలు, అంటే డ్రమ్ముని లోపలి నుంచి ఒత్తే వంపు పలకలు, అర మిల్లీమీటరు విచ్చుకోవాలంటే మన చేతి దగ్గర లివర్ సెంటీమీటరు పైనే కదలాలి. అందుకే షూ మీదుండే రాపిడి పొర, అంటే లైనింగు, అరిగి డ్రమ్ముకీ షూకీ మధ్య కొంచెం ఖాళీ పెరిగినా లివర్ ప్రయాణమంతా ఆ ఖాళీకే ఖర్చయిపోద్ది, బిగించడానికి ఏమీ మిగలదు.

ఆ ఖాళీని ఎప్పటికప్పుడు సరిచెయ్యడానికి డ్రమ్ములోనే అడ్జస్టర్ ఉంటుంది, దుమ్ముకీ తుప్పుకీ అదే బిగుసుకుపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది కదా, అలా నీళ్లలో నిలబడిన ఏ కారుకైనా డ్రమ్ములు విప్పి చూడాల్సిందే. కేబుల్ ఒక్కటే బిగించేస్తే లోపలి లివర్ పూర్తిగా వెనక్కి రాదు, చాలా కార్లలో అప్పుడు అడ్జస్టర్ పని చెయ్యడం మానేస్తుంది, పైగా షూలు రాసుకుంటూ డ్రమ్ము వేడెక్కుద్ది, మైలేజీ పడిపోద్ది.

కాబట్టి ముందు కేబుల్ వదులు చెయ్యాలి, తర్వాత డ్రమ్ము విప్పాలి. వెనక చక్రాలు జాకీ మీద లేపితే హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే, ముందు చక్రాలకి రాళ్లు తప్పనిసరి. లోపలి దుమ్ము గాలితో ఊదొద్దు, ఊపిరితిత్తులకి మంచిది కాదు, తడిగుడ్డతో తుడవాలి. లైనింగు తడిగా ఉంటే, కాలి బ్రేకు తొక్కినప్పుడు షూలని తోసే వీల్ సిలిండర్ నుంచి బ్రేక్ ఆయిల్ కారుతున్నట్టు, ఆ లీకు ఆపి లైనింగులు మార్చాలి, కడిగి వాడొద్దు. ఊరికే నున్నగా మెరుస్తుంటే ఉప్పు కాగితంతో రుద్దొచ్చు. అడ్జస్టర్ శుభ్రం చేసి, ఖాళీ సరిచేసి, అన్నీ బిగించాక కాలి బ్రేకు కొన్నిసార్లు తొక్కి చివర్లో కేబుల్ సెట్ చెయ్యాలి. చాలా కార్లలో లివర్ లాగితే 4 నుంచి 7 క్లిక్కుల్లో పట్టాలి, మీ కారు లెక్క మాన్యువల్‌లో ఉంటుంది. లివర్ దించాక రెండు చక్రాలూ చేత్తో తిప్పితే తేలిగ్గా తిరగాలి, ఒకటి బరువుగా తిరిగితే ఆ వైపు కేబుల్ గొట్టంలో తుప్పుందేమో చూడండి, తుప్పు పట్టిన కేబుల్ మార్చడమే మేలు.

వెనక డ్రమ్ముల బదులు డిస్కు బ్రేకులున్న కార్లకి ఇంకో సంగతి ఉంది. ఘాట్ దిగి బ్రేకులు బాగా వేడెక్కి ఉన్నప్పుడు లాగిన హ్యాండ్‌బ్రేక్, డిస్కు చల్లారి కుంచించుకున్నాక కొంచెం వదులవుద్ది. అక్కడ ఇంకో క్లిక్కు ఎక్కువ లాగండి, బండి ముందుభాగం పల్లం వైపుంటే రివర్స్ గేర్లో, ఎత్తు వైపుంటే ఫస్ట్ గేర్లో పెట్టి దిగండి.